కనీస చార్జీ

నర్సాపురంలో నా వంతుకొచ్చిన మీటర్లు రెండువేల పైచిలుకు.
ఏ ఇంట్లో ఏసీ దిగిందో
ఏ కోడలు అలిగి పుట్టింటికి పోయిందో
గడప తొక్కకుండా అంకెలు చూసి చెప్పేస్తాను.

రుస్తుంబాద మూడో సందులో ఒక్క మీటరే
నాకు లొంగలేదు.
పదమూడు. పన్నెండు. రోహిణీ కార్తెలో పద్దెనిమిది.
మళ్ళీ పన్నెండు.
మనిషి మసిలే ఇల్లేనా అది?
తీగకి కొక్కెం వేసుంటారని
నేనే రాసిచ్చాను పై ఆఫీసుకి.
ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

తనిఖీ వాళ్ళ వెనకాలే వెళ్ళాను.
గుత్తుల వీరవేణి కింది మెట్టు మీద కూచుని
లేసు అల్లుతోంది.
చూపుడువేలికి దారం, ఒళ్ళో సగం పువ్వు.
"సూరీడుండగా దీపమెందుకండి?
పొద్దున్న ఈ మెట్టు, సాయంత్రం పెరటి అరుగు.
మధ్యాన్నం కళ్ళకి సెలవు."
ఒకతను నిచ్చెనెక్కి చూరంతా తడిమాడు.
దొరికినవి
ఎండు సొరబుర్రలో బీర గింజలు,
ఒక పిచ్చిక గూడు.

ఫ్రిజ్ లేదు.
తడి ఇసకలో కుండ, కుండ మీద గోనెపట్టా,
లోపల నిన్నటి తోటకూర ఇంకా పచ్చగా.
రాత్రి మిగిలిన మెతుకులు తరవాణిలోకి దిగి
తెల్లారేసరికి పులిసి లేస్తాయి.
పొయ్యిలోకి కొబ్బరి డొక్కలు,
గ్యాసు బండ చుట్టాలొస్తేనే.

గోదారి పక్కనున్నామన్న పేరే గాని
రొయ్యల చెరువులొచ్చాక బోరు కొడితే ఉప్పు,
కుళాయి చూస్తే ముప్పావు గంట.
అందుకని ఆ ఇంట్లో నీళ్ళు
ఒకసారి వచ్చి నాలుగుసార్లు బతుకుతాయి.
బియ్యం కడుగు పక్కింటి గేదె కుడితిలోకి పోతుంది,
వారానికో చెంబుడు మజ్జిగ ఇటొస్తుంది.
"అది లెక్క కాదండి, మర్యాద" అంది.

మా వాళ్ళలో ఒకతనికి ముచ్చటేసి
అందరూ మీలా ఉంటేనా అన్నాడు.
సూది ఆగింది.
"ఏటండి ఉండేది?
డజను పువ్వులకి ఏజెంటు ఎంతిస్తాడో అడగండి ముందు.
ఇష్టపడి నేర్చుకున్నది కాదండి ఇది.
నేర్చుకున్నాక, పారబొయ్యడానికి చెయ్యి రావట్లేదు, అంతే."
ఆ పువ్వులు ఏ దేశంలో ఏ బల్ల మీద పరుచుకుంటాయో,
వాటి నెత్తిన ఎన్ని దీపాలు వెలుగుతాయో
ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేను.

"మరి బయట ఆ బల్బో?"
పట్టుకున్నాననుకున్నాడు నిచ్చెన దిగినవాడు.
"రాత్రంతా వెలుగుతుందట కదా?"
"ఆయ్, వెలుగుతుందండి.
తెల్లారగట్ల మూడింటికి రేవుకెళ్ళే చేపలోళ్ళు
ఈ సందునే పోతారు.
బోదె మీద బల్ల ఒకటి విరిగింది,
మునిసిపాలిటీ వాళ్ళు వచ్చేదాకా
కాళ్ళు విరగకూడదు కదండి."
వాళ్ళెప్పుడొస్తారని అడిగితే
రెండేళ్ళ నుంచి వస్తున్నారంది.

నిలబడే లెక్కేశాను.
తొమ్మిది వాట్లు, పది గంటలు, ముప్పై రాత్రులు.
పన్నెండులో సుమారు మూడు.

బిల్లు కొట్టి చేతికిచ్చాను. కనీస చార్జీ.
అంకె చూడలేదావిడ.
చీటీ తిరగేసి, వెనక ఖాళీయేనా అని చూసింది.
గోడ మేకుకి గుచ్చిన పాత చీటీల కట్ట,
వెనకవైపంతా పెన్సిలు ముక్కతో పువ్వుల పద్దు.
ముందువైపు నా మిషను అచ్చేసిందంతా
ఎప్పుడో వెలిసి ఎగిరిపోయింది.
"మీ రాత మూణ్ణెల్లుండదండి.
మంచిదే, అటువైపూ పనికొస్తుంది."

ఆ నెల నుంచి
మూడో సందులోకొచ్చాక
చీటీ ఒక జానెడు పొడుగ్గా చింపుతున్నాను.
కాగితం ఆఫీసుది, నాది కాదు.
దొంగతనం కావాలన్నారుగా,
ఇదిగో, రాసుకోండి.